పట్నం పెద్దాయనకు ఉన్నదేమిటి? పల్లె పెద్దాయనకు లేనిదేమిటి?

కాకినాడకు ‘పెన్షనర్ల స్వర్గం’ అని పేరు. ఈ మాట వినని పల్లె జిల్లాలో ఉండదు. కోర్టు వాయిదాకో, పెద్దాసుపత్రికో, కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చుకోవడానికో తెల్లవారుఝాము బస్సు పట్టుకుని కాకినాడ వచ్చిన ప్రతి రైతూ ఆ స్వర్గాన్ని కళ్ళారా చూసినవాడే. గుడ్డ బూట్లు తొడుక్కుని, మెడకు తువ్వాలు చుట్టుకుని పెద్దవాళ్ళు నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటూ నడుస్తూ ఎదురవుతారు. వాళ్ళకు ఎక్కడికీ తొందర లేదు. అలాగని పని లేనివాళ్ళలాగా కూడా కనిపించరు.

వాళ్ళను చూసిన పల్లెటూరి మనిషి అనే మాట ఒకటే: “వాళ్ళకేమండీ, ఒకటో తారీకు వచ్చేసరికి బ్యాంకులో పడిపోద్ది!”

ఆ మాటలో నిజముంది. మొత్తం నిజం మాత్రం లేదు. డబ్బుండీ మంచానికి అతుక్కుపోయినవారు పట్నంలోనే ఉన్నారు. డబ్బు లేకపోయినా ఎనభై ఏళ్ళకు ఊరందరి పెద్దదిక్కుగా బతికినవారు పల్లెల్లో ఉన్నారు. పట్నం పెద్దాయన చురుకుగా ఉండడానికి పింఛనుతో పాటు మరికొన్ని కారణాలున్నాయి. అవేమిటో తెలుసుకుంటే వాటిలో కొన్నయినా పల్లెకు తెచ్చుకోవచ్చు. వాటికి పెద్దగా డబ్బు ఖర్చు కాదు.

ఈ ఊరికే ఎందుకు?

ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లాకు కాకినాడ ముఖ్యపట్టణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసిన తర్వాత కాకినాడ జిల్లాకు ముఖ్యపట్టణమైంది. కలెక్టరేటు, కోర్టులు, రేవు, రైల్వే, బ్యాంకులు అన్నీ ఇక్కడే. పిఠాపురం రాజా కళాశాల, 1946లో విశాఖపట్నం పేరిట ప్రారంభమై తర్వాత ఇక్కడికి తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల, 1958లో ఏర్పడిన రంగరాయ వైద్య కళాశాల ఉండడంతో చదువు చెప్పేవారు, వైద్యం చేసేవారు తరతరాలుగా ఇక్కడ ఉద్యోగాలు చేశారు. ఉద్యోగం చేసినచోటే ఇల్లు కట్టుకున్నారు. బయట జిల్లాల్లో పనిచేసి రిటైరైనవారు కూడా ఆసుపత్రి దగ్గర, బ్యాంకు దగ్గర అని ఇక్కడికే చేరారు.

ఊరు బల్లపరుపు నేల. మెయిన్ రోడ్డు, సినిమా రోడ్డు గీత గీసినట్లు పక్కపక్కనే సాగుతాయి. ఎక్కడా ఎత్తు ఎక్కవలసిన పని లేదు. మోకాళ్ళు అరిగినవారికి ఇంతకంటె ఏం కావాలి?

ఎదురుగా సముద్రం ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుక మేటలతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అడ్డంగా ఉన్నందువల్ల కాకినాడ దగ్గర అలల ఉధృతి తక్కువ. ఆ అడ్డు లేని ఉప్పాడలో అదే సముద్రం ఇళ్ళను, కొబ్బరి చెట్లను, బీచి రోడ్డును ఏళ్ళ తరబడి కోసుకుపోతోంది. పట్నం పెద్దాయనకు పింఛను కూడా అలాంటి అడ్డుదిబ్బే. పల్లెలోని ముసలి రైతు ఉప్పాడ ఒడ్డున ఉన్నట్లు ఉన్నాడు.

పొద్దు గడిచే తీరు

ఈ కోస్తా ఊళ్ళో ఎండకంటె ఉక్క ఎక్కువ బాధిస్తుంది. అందువల్ల ఇక్కడి పెద్దలు తమ రోజును ఎండనుబట్టి కొలుచుకుంటారు. తెల్లవారుఝామున అయిదు గంటలకే నడక. కొందరు వివేకానంద పార్కుకు, కొందరు గాంధీనగరం పార్కుకు, స్కూటరున్నవారు సూర్యారావుపేట బీచికి పోతారు. తూర్పు తీరం కనుక సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. ఆయన నాలుగు బారలు ఎక్కేసరికి వీరి నడక పూర్తవుతుంది.

నడక తర్వాత కాఫీ. కాఫీ తర్వాత పేపరు. పేపరు చదవడమంటే ఒంటరిగా చదువుకోవడం కాదు. ఒకరు చదువుతారు, ఇద్దరు వాదిస్తారు, నాలుగోవారు తీర్పు చెబుతారు. తొమ్మిది దాటితే బ్యాంకు, పోస్టాఫీసు, కరెంటు బిల్లు, రైతుబజారు పనులు. పదకొండు కొట్టేసరికి అందరూ నీడపట్టునుంటారు. మధ్యాహ్నం భోజనం, చిన్న కునుకు. పొద్దు వాలుతుండగా సముద్రపు గాలి ఊరిమీదికి మళ్ళుతుంది. నేల త్వరగా వేడెక్కి, నీరు నిదానంగా వేడెక్కడంవల్ల వచ్చే గాలి అది. ఆ గాలితోపాటే పెద్దలు మళ్ళీ వీధిలోకి వస్తారు.

సాయంత్రం పనులు మరికొన్ని. గ్రంథాలయానికి వెళ్ళేవారు, గుళ్ళో ప్రవచనానికి వెళ్ళేవారు, సరస్వతీ గానసభ కచేరీకి, సూర్యకళామందిరంలో సభకు వెళ్ళేవారు. నాటకాల పిచ్చి ఉన్నవారికి ఈ ఊరు పుట్టినిల్లు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి వంటివారు సినిమాలకు పోకముందు ఇక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బుతో సంబంధం ఉన్నవారే. ఆ ముచ్చట్లు ఈనాటికీ అరుగులమీద తెగవు.

ఇవిగాక పెన్షనర్ల సంఘం పని. ఎవరి డి.ఎ. బకాయి రాలేదు, ఎవరి భార్యకు కుటుంబ పింఛను ఆగిపోయింది, ఎవరి వేలిముద్ర యంత్రంలో పడడం లేదు అని చూసి, కాగితాలు రాసిపెట్టి, ట్రెజరీ చుట్టూ తిరిగేవారు కూడా పెన్షనర్లే. మనిషికి బతకాలని ఆశ పుట్టించేది ఇటువంటి పనే. “రేపు ఫలానావారి కాగితం చూడాలి” అనుకున్న మనిషి పొద్దున్నే లేస్తాడు.

అంతా స్వర్గమే అనుకోవడం పొరపాటు

పట్నంలో కన్నీళ్ళు లేవని ఎవరూ అనరు. పెద్ద పెద్ద మేడల్లో ఇద్దరే ఇద్దరు ముసలివాళ్ళు, ముందు గేటుకు తాళం, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో. ఫోనులో మనవడి ముఖం చూసుకుని మురిసిపోతారు గాని, జ్వరమొస్తే మందు తెచ్చేది ఎదురింటివారే. పల్లెలో అయితే ఇరుగు పొరుగు పలకరింపు ఉంటుంది. మంచినీళ్ళు ఇచ్చే చెయ్యి ఏదో ఒకటి దొరుకుతుంది.

పైగా ఈ స్వర్గంలో అందరికీ ఒకే వాటా లేదు. రిటైరైన ఆయన నడకకు పోయి వస్తారు. ఆయన వచ్చేసరికి కాఫీ కలిపి ఉంచే ఇల్లాలికి మాత్రం అరవై దాటినా, డెబ్భై దాటినా రిటైర్మెంటు లేదు. ఉపాధ్యాయినులుగా, నర్సులుగా పనిచేసి రిటైరైన ఆడవారు కొందరు గుంపులు కట్టి నడుస్తున్నారు, భజన మండళ్ళు, కుట్టు తరగతులు నడుపుతున్నారు. మిగతావారికి వంటిల్లే లోకం. ఈ విషయంలో పట్నానికీ పల్లెకూ తేడా లేదు.

పింఛను ఎవరి దయ?

ప్రభుత్వోద్యోగి పింఛను ఎవరి ధర్మమూ కాదని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. అది యజమాని ఇష్టాయిష్టాలమీద ఆధారపడిన బహుమానం కాదని, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే పెన్షనర్లు ఏటా డిసెంబరు 17ను పండుగలాగా జరుపుకుంటారు.

ఆ హక్కు కూడా ఇప్పుడు అందరికీ లేదు. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులను, అదే ఏడు సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులను పాత పింఛను పద్ధతినుంచి తప్పించి, జీతంలోంచి వాటా కోసే కొత్త పద్ధతిలోకి మార్చారు. ప్రైవేటు కంపెనీలో చెమటోడ్చి ప్రావిడెంటు ఫండు పింఛను తెచ్చుకునేవారికి 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ వెయ్యితో కాకినాడలో ఒక గది అద్దె కూడా రాదు. కనుక ‘పెన్షనర్ల స్వర్గం’ అన్నమాట ఒక తరానికి సంబంధించినది. వచ్చే తరానికి ఆ తలుపులు ఇంత వెడల్పుగా తెరిచి ఉండవు.

రైతుకు రిటైర్మెంటు ఎప్పుడు?

రాష్ట్ర ఉద్యోగి రిటైరయ్యే వయసు ఎంత అన్న విషయంమీద ప్రభుత్వాలే తలకిందులయ్యాయి. 1983లో 58 ఏళ్ళనుంచి 55కు దించారు, తర్వాత మళ్ళీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62 చేశారు. ప్రతిసారీ అసెంబ్లీ అట్టుడికింది, పత్రికలు నిండిపోయాయి.

మరి రైతు ఎప్పుడు రిటైరవుతాడు? కరప పొలాల్లో వరి నాట్లు వేసే కూలీ ఎప్పుడు రిటైరవుతుంది? ఉప్పాడ మగ్గం గుంటలో కూర్చుని జాందానీ చీర నేసేవాడికి కళ్ళు మసకలు కమ్మేదాకా సెలవు లేదు. తాళ్ళరేవు వైపు వల లాగేవాడికి భుజం పడిపోయేదాకా సెలవు లేదు. పల్లెలో మనిషికి రెండే దశలు. కాళ్ళూ చేతులూ ఆడినంతకాలం చాకిరీ, ఆ తర్వాత మంచం. ఈ రెంటి మధ్య నిదానంగా, గౌరవంగా, కొంచెం పనిచేస్తూ కొంచెం విశ్రాంతి తీసుకుంటూ గడిపే పదీ పదిహేనేళ్ళ కాలం ఒకటుందని పల్లెకు ఎవరూ చెప్పలేదు. పట్నం పెన్షనరు అనుభవిస్తున్నది ఆ మధ్య కాలాన్నే.

ఇది కొద్దిమంది సంగతి అనుకోరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో 7 కోట్లమందికి పైగా పల్లెల్లోనే ఉన్నారు. ఆ లెక్కలు తీసి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు ఆ సంఖ్య ఇంకా పెరిగింది గాని తరగలేదు.

సర్కారు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2014 అక్టోబరులో అది 1000 అయింది, 2019 జనవరిలో 2000, 2024 జనవరిలో 3000, అదే ఏడు జూలైలో 4000 అయింది. నేతవారికి, మత్స్యకారులకు, కల్లుగీసేవారికి 50 ఏళ్ళకే ఇస్తున్నారు. ఒకటో తారీకున ఇంటి గుమ్మంలోనే డబ్బు చేతిలో పెడుతున్నారు. ఒకప్పుడు మనీయార్డరు కోసం పోస్టుమాను దారి చూసి చూసి కళ్ళు కాయలు కాసినవారికి ఇది చిన్న సంగతి కాదు. కోడలి చేతికి రెండు వేలు ఇచ్చి, మనవడికి కారప్పూస పొట్లం కొనిచ్చే స్తోమత వచ్చిన ముసలమ్మకు ఇంట్లో మాట చెల్లుబాటు మారింది. ఇది అందరూ చూస్తున్నదే.

మరి ఒకటో తారీకు తర్వాత మిగిలిన ఇరవై తొమ్మిది రోజుల మాటేమిటి? డబ్బు ప్రభుత్వం ఇవ్వగలదు. పొద్దు గడిచే దారి ఊరే చూపించాలి.

“కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక...”

పల్లెలో అరవై దాటిన మనిషి ఏదైనా పనికి ముందుకొస్తే వినిపించే మొదటి మాట ఇది: “ఈ వయసులో మీకెందుకండీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక!” ప్రేమతో అన్నా విసుగుతో అన్నా దీని అర్థం ఒకటే. నీ పని అయిపోయింది, పక్కకు జరుగు అని. పట్నంలో నడకకు పోతే ఆరోగ్యం అంటారు. పల్లెలో ముసలాయన చేతులూపుకుంటూ రోడ్డుమీద నడిస్తే “పనీపాటా లేదు” అంటారు. పొలంలో పని ఆపిన రోజునుంచి నడక కూడా ఆగిపోవడంతో ఏడాది తిరిగేలోగా కీళ్ళు బిగుసుకుపోతాయి, షుగరు బయటపడుతుంది, మనిషి మంచానికి దగ్గరవుతాడు.

ఒకప్పుడు రచ్చబండ ఉండేది. రావిచెట్టు కింద అరుగుమీద ఊరి తగవులు, వానల లెక్కలు, పెళ్ళి సంబంధాలు అన్నీ తేలేవి. పెద్దవాళ్ళ మాట అక్కడ చెల్లేది. ఇప్పుడు చాలా ఊళ్ళలో రోడ్డు వెడల్పుచేసినప్పుడు చెట్టు పోయింది, సిమెంటు షెడ్డు కట్టినప్పుడు అరుగు పోయింది. ముసలివాళ్ళు కూర్చునే చోటు బస్సు షెల్టరు ఒక్కటే అయింది. అక్కడ ఎండపొడ, దుమ్ము.

గ్రంథాలయం సంగతి మరీ విచారకరం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. అంటే కాకినాడ మేడవారితో పాటు పల్లెటూరి పెంకుటింటాయన కూడా ఏటా పుస్తకాల కోసం పన్ను కడుతున్నాడు. పట్నం పెద్దాయనకు దానికి బదులుగా ఫ్యాను కింద కుర్చీ, పది పేపర్లు దొరుకుతున్నాయి. పల్లె పెద్దాయనకు రసీదు దొరుకుతోంది.

ఎండాకాలం మరొక లెక్క. 2015 మే నెలలో వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వయసు మళ్ళినవారికి దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గినా నోరు ఎండదు. కనుక దాహం వేసినప్పుడు తాగుదామనుకోక, గంటగంటకూ మజ్జిగో, గంజో, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళో తాగాలి. పట్నం పెన్షనరు పదకొండుకల్లా నీడకు చేరడం సుఖం మరిగి కాదు, ప్రాణం విలువ తెలిసి. పల్లెలో మిట్టమధ్యాహ్నం గేదెను తోలుకుపోయే తాతకు ఆ మాట చెప్పవలసినది ఇంట్లో కుర్రవాళ్ళే.

పొలం రాసిచ్చే ముందు

పట్నం పెన్షనరుకు మరొక బలం ఉంది. ఆయన పింఛను కొడుకు పేర మార్చడానికి వీలులేదు. బతికినంతకాలం అది ఆయనదే. పల్లె రైతుకు ఉన్న పింఛను ఆయన పొలమే. దాన్ని మాత్రం అరవై దాటగానే కొడుకుల పేర రాసిచ్చి చేతులు దులుపుకుంటాడు. రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం దిగిన రోజునుంచి ఆయన తన ఇంట్లోనే చుట్టం. పెద్దవాడి దగ్గర ఆరు నెలలు, చిన్నవాడి దగ్గర ఆరు నెలలు వంతులవారీగా పళ్ళెం పట్టుకు తిరిగే తల్లిదండ్రులు లేని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు.

ఇందుకు చట్టం ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం పోషించని పిల్లలమీద ఆర్.డి.ఓ. దగ్గరి ట్రిబ్యునలులో తెల్లకాగితంమీద అర్జీ ఇవ్వవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునలుకు ఉంది. పెద్దలను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు కూడా ఉంది. మన జిల్లాలో కాకినాడ, పెద్దాపురం రెండుచోట్లా ఆర్.డి.ఓ. కార్యాలయాలున్నాయి. ఫోనుమీద సలహాకు 14567 నంబరుకు పిలవవచ్చు.

ఆ చట్టం 23వ సెక్షను ప్రకారం, పోషణ చూస్తానన్న షరతుమీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. ఇక్కడే జాగ్రత్త అవసరం. దస్తావేజులో అటువంటి షరతు లేదన్న కారణంతో రద్దు కుదరదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మరొక కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చూడాలని చెబుతూ, ఒక తల్లి రాసిన దానపత్రం రద్దును సమర్థించింది. కోర్టులదాకా పోవలసిన అవస్థ ఎందుకు? రాసేటప్పుడే “నా జీవితాంతం తిండి, బట్ట, వైద్యం చూడాలి, చూడనియెడల ఈ దస్తావేజు రద్దవుతుంది” అన్న మాట రాయించుకుంటే సరిపోతుంది. దస్తావేజు లేఖరి రాయడు, కొడుకు అడగడు. అడగవలసినది రాసిచ్చేవాడే. అంతకంటె క్షేమం వీలునామా. అది మనిషి పోయిన తర్వాతే అమలులోకి వస్తుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

“కన్నకొడుకును నమ్మకపోతే ఎలాగండీ?” అని పెద్దలు అంటారు. ప్రభుత్వం తన ఉద్యోగిని నమ్మకకాదు సర్వీసు రిజిస్టరు రాసేది. రాత ఉంటే ఇద్దరికీ మంచిది. మంచి కొడుకుకు ఆ షరతు అడ్డు రాదు.

ఇక ఇప్పుడు కాయకష్టం చేస్తున్న కుర్రవాళ్ళు తమ ముసలితనం గురించి ఇప్పుడే ఆలోచించుకోవాలి. 18నుంచి 40 ఏళ్ళ లోపువారు బ్యాంకులో చేరగల అటల్ పింఛను పథకం 2015లో వచ్చింది. నెలనెలా కొద్ది మొత్తం కడితే అరవై తర్వాత ఎంచుకున్న మేరకు 1000నుంచి 5000 రూపాయల వరకు వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇది వర్తించదు. నలభై దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. పండుగకు వచ్చిన కొడుకుతో తండ్రి ఈ మాట చెప్పాలి.

పట్నం పెద్దలకు ఒక మాట

కాకినాడలో రిటైరై ఉన్న వేలమందిలో చాలామంది పల్లెల్లో పుట్టినవారే. కిర్లంపూడిలోనో, గొల్లప్రోలులోనో, కాజులూరులోనో అక్షరాలు దిద్దుకుని, పట్నం వచ్చి, ఉద్యోగం చేసి, ఇక్కడే ఉండిపోయారు. వారిలో మాస్టార్లున్నారు, ఇంజనీర్లున్నారు, తాసీల్దార్లున్నారు, కాంపౌండర్లున్నారు. సర్వే నంబరు తప్పు పడితే ఎవరికి అర్జీ పెట్టాలో, పట్టాదారు పుస్తకంలో పేరు ఎలా ఎక్కించాలో, బి.పి. మాత్రలు ఎందుకు మానకూడదో వారికి తెలుసు. పల్లెలో ఆ తెలివికి కరువు. ఒక్క కాగితం రాయించుకోవడానికి కూలి మానుకుని పట్నం వచ్చి, బ్రోకరుకు అయిదు వందలు ఇచ్చుకునేవారు ఎందరో.

నెలకు ఒక్క ఆదివారం సొంతూరు వెళ్ళి బడి అరుగుమీద రెండు గంటలు కూర్చుంటే చాలు. అర్జీలు రాసిపెట్టవచ్చు, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చు, పాత స్నేహితులతో నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చు. పెన్షనర్ల సంఘాలు తలచుకుంటే మండలానికి పదిమందిని పంపడం కష్టం కాదు. ఇది దానం అనుకోనక్కరలేదు. నడకకు మించిన ఆరోగ్యం ఇందులో ఉంది.

ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు. పేద కుటుంబంలో పుట్టి, రంగూను పోయి లక్షలు సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాసి పోయాడు. ఆ ధర్మ సంస్థ విద్యాలయాల్లో చదువుకున్న పేద పిల్లలు ఎందరో. అంత ఆస్తి అందరికీ ఉండదు. ఆదివారం మాత్రం అందరికీ ఉంటుంది.

ఊరు చేయవలసినది

పంచాయతీలు కోట్లు అడగనక్కరలేదు. ప్రతి ఊళ్ళో చెట్టు నీడన ఒక అరుగు, దానికి ఆనుకుని పట్టుకుని నడవడానికి వీలైన చదునైన దారి, తాగునీటి కుండ, రోజూ రెండు పేపర్లు. సాయంత్రం బడి వదిలిన తర్వాత ఆవరణ తాళం వేయకుండా పెద్దలకు తెరిచి ఉంచడం. ఆడవారికి విడిగా ఒక వరండా. గ్రంథాలయ సెస్సు కడుతున్న ఊరికి కనీసం ఒక పుస్తక నిక్షిప్త కేంద్రం ఇవ్వవలసిన బాధ్యత గ్రంథాలయ సంస్థమీద ఉంది. ఇది అడిగే హక్కు ప్రతి పన్నుదారుకూ ఉంది.

పెద్దలకు పని కూడా చెప్పాలి. వందనపు దండలు వేసి కుర్చీలో కూర్చోబెట్టడం ఒక్కటే గౌరవం కాదు. కాలవ పూడిక పని సరిగా జరిగిందో లేదో చూసి చెప్పమని అడగండి. మధ్యాహ్న భోజనం రుచి చూసి రమ్మనండి. ఏ చేలో ఏ ఏడు ఏ తెగులు వచ్చిందో, 1996 నవంబరు తుపానుకు ఏ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో వారికి తెలుసు. అది రాసిపెట్టుకోండి. మళ్ళీ తుపాను వచ్చిననాడు ఆ కాగితం పనికొస్తుంది.

పెద్దలు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. “మా కాలంలో” అన్న మాటతో ప్రతి వాక్యం మొదలుపెడితే కుర్రవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. పట్నం పెన్షనరు డెబ్భై ఏళ్ళకు ఫోనులో డబ్బు పంపడం మనవడి దగ్గర నేర్చుకుంటున్నాడు. నేర్చుకోవడానికి సిగ్గుపడనివాడికి ఇంట్లో చోటు తగ్గదు.

కాకినాడ పెద్దలను చూసి పల్లె అసూయపడనక్కరలేదు. ఒకటో తారీకున పడే మొత్తం ఈనాటికీనాడు సమానం కాదు. తెల్లవారుఝామున లేవడానికి ఒక కారణం, పోయి కూర్చోవడానికి ఒక చోటు, పలకరించడానికి నలుగురు మనుషులు, తన పేరున తనకంటూ ఒక ఎకరం. ఈ నాలుగూ ప్రతి ఊరూ తన పెద్దలకు సమకూర్చగలదు. ఈ ఎండాకాలం రాకముందే ఒక్క అరుగుకు నీడ పడినా అది మొదలవుతుంది. పంచాయతీ పెద్దలు, యువజన సంఘాలవారు, మహిళా సంఘాలవారు ఈ విషయమై తక్షణం ఆలోచించడం ఎంతైనా అవసరం. ఈరోజు అరుగుమీద కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్న తాత స్థానంలో పాతికేళ్ళ తర్వాత ఎవరుంటారో ఈనాటి కుర్రవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.